పుదుచ్చేరిలో ఒక కుటుంబం నడిపే వసతి గృహం: తక్కువ అద్దెకు దొరికేది, దొరకనిది

పుదుచ్చేరికి వెళ్లే తెలుగువారు వసతి కోసం సాధారణంగా రెండు చోట్ల వెతుకుతారు. ఒకటి సముద్రాన్ని ఆనుకుని ఉన్న వైట్ టౌన్, రెండోది బస్టాండు పరిసరాల్లోని లాడ్జీలు. మొదటిది జేబుకు భారం, రెండోదాంట్లో కంటి మీద కునుకు పడటం కష్టం. ఈ రెండింటికీ మధ్య, పెద్ద కాలువకు పడమటి వైపున ఉన్న తమిళ వీధుల్లో, పాత ఇళ్లలో తాము కాపురముంటూనే మిగిలిన గదులను యాత్రికులకు అద్దెకిచ్చే కుటుంబాలు ఉన్నాయి. అలాంటి ఒక ఇంట్లో నేను, నా భార్య, మా అమ్మ బస చేశాము. ఆ ఇంటి పేరు ఇక్కడ రాయడం లేదు. ఒకటి రెండు ఫిర్యాదులు కూడా చెప్పవలసి ఉంది కాబట్టి ఒక చిన్న కుటుంబాన్ని వేలెత్తి చూపడం నాకు ఇష్టం లేదు. పైగా ఎలాంటి ఇంటిని, ఎలాంటి గదిని ఎంచుకోవాలో తెలిస్తే పేరుతో పెద్దగా పని ఉండదు. మా మట్టుకు మాకు ఆ అద్దెకు ఆ బస గిట్టుబాటైంది. అయితే అది ఆ ఇంటివాళ్ల వేళలకు మమ్మల్ని మేము సర్దుకున్నందువల్ల గిట్టుబాటైందే తప్ప, గదిలోని వసతుల వల్ల కాదు.

ముందు ఇంటి సంగతి. వీధి వైపు అరుగు, దాటితే నడవ, లోపల మండువా, మండువా చుట్టూ గదులు. గోదావరి జిల్లాల్లో పాత లోగిళ్లు చూసినవారికి ఈ అమరిక కొత్తగా అనిపించదు. ముందు భాగంలో ఇంటివాళ్లు ఉంటారు, మండువాకు వెనుక వైపు రెండు గదులు, మేడ మీద మరో రెండు గదులు అతిథులకు ఇస్తారు. కింది గదుల పైకప్పు టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో కట్టిన పాతకాలపు మిద్దె. గోడలు మూరెడు మందం. మిట్టమధ్యాహ్నం బయట నుంచి లోపలికి వస్తే ఒంటికి హాయిగా తెలిసేంత చల్లదనం ఆ గదుల్లో ఉంటుంది, ఫ్యాను ఒక్కటి తిరిగితే చాలు. మేడ మీది గదుల్లో ఒకటి కాంక్రీటు శ్లాబుది, రెండోది తర్వాత కట్టిన సిమెంటు రేకుల గది. ఆ రేకుల గదిలో ఏసీ ఉన్నప్పటికీ సాయంత్రం వరకు అది చల్లబడదు, చల్లబడే వేళకు సముద్రపు గాలి ఎలాగూ వస్తుంది. ప్రకటనలో మాత్రం ఈ రేకుల గదిదే అందమైన ఫోటో, ఎందుకంటే దాని ముందు పూలకుండీలతో కూడిన డాబా ఉంది. ఫోటో చూసి మేడ మీది గది అడిగేవాళ్లకు నా సలహా ఏమిటంటే, ఇలాంటి పాత ఇళ్లలో కింది గదినే అడగండి, అందులోనూ మండువా వైపు కిటికీ ఉన్నదాన్ని అడగండి.

మేము అడిగింది కూడా కింది గదే, బయానా కూడా దానికే పంపాము. తీరా చేరేసరికి అందులో ఉన్న అతిథులు మరో రోజు బస పొడిగించుకున్నారని చెప్పి, మమ్మల్ని మొదటి రాత్రికి రేకుల గదికి పంపించారు. చిన్న ఇళ్లలో ఇది జరగడానికి కారణం ఊహించలేనిది కాదు. ఉన్నవే నాలుగు గదులు, వాటి లెక్క ఒక నోటు పుస్తకంలో, పొడిగింపు అడిగినవాళ్లు ఎదురుగా కనబడే మనుషులు, రాబోయేవాళ్లు ఫోనులో వినబడిన గొంతు మాత్రమే. మొహమాటం ఎటువైపు మొగ్గుతుందో చెప్పనక్కర్లేదు. కానీ మోకాళ్ల నొప్పులున్న అరవై దాటిన మనిషిని సన్నని మెట్లెక్కించి, అడిగేదాకా అద్దెలో పైసా తగ్గించకపోవడం న్యాయం కాదు. అడిగిన తర్వాత మాత్రం యజమాని వాదించలేదు. ఏసీకి అదనంగా తీసుకునే మొత్తాన్ని ఆ రాత్రికి వదిలేశారు, మర్నాడు పొద్దున్నే కింది గది తుడిపించి సామాను తామే దింపించారు. వృద్ధులతో వెళ్లేవారు బయలుదేరే ముందు రోజు ఫోను చేసి గది ఏదో పేరుపెట్టి మరోసారి ఖాయం చేసుకోవడం మంచిది.

గది కొలతల్లో మోసం లేదు. రెండు మంచాలు, వాటి మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు, గోడకు ఒక చెక్క బీరువా, కిటికీ పక్కన బల్ల. మంచం మీది పరుపు గట్టిది, నడుము నొప్పి ఉన్నవారికి నచ్చుతుంది. దుప్పట్లు పలచబడినవే కానీ ఉతికినవి, దిండు గలేబుల నుంచి ఎండలో ఆరేసిన బట్టల వాసన వచ్చింది. తువాళ్లు మాత్రం ఇంటినుంచి తీసుకెళ్లడం ఉత్తమం, ఎందుకంటే సముద్రతీరపు తేమలో ఒకసారి తడిసిన మందపాటి తువాలు మర్నాటికి కూడా ఆరదు, ఇంటివాళ్లు ఇచ్చేది మనిషికి ఒక్కటే. మేము తీసుకెళ్లిన పలుచని కండువాలే అక్కరకు వచ్చాయి. కిటికీలకు దోమల జాలీ ఉంది, కాని ఒక మూల చిరిగింది. ఆ చిరుగును ఎవరో అతిథి ప్లాస్టరుతో అతికించారు, ఇంటివాళ్లు దాన్ని అలాగే ఉండనిచ్చారు. పెద్ద కాలువ దూరం కాదు కాబట్టి చీకటి పడే వేళ దోమలు దండెత్తుతాయి. దోమల బిళ్ల వెలిగించే ప్లగ్గు యంత్రం గదిలో ఉంది, బిళ్ల మాత్రం మనమే కొనుక్కోవాలి.

సముద్రం పక్కనున్న ఏ ఊళ్లోనైనా తక్కువ అద్దె గదిని పరీక్షించడానికి అసలైన చోటు స్నానాల గది. ఉప్పుగాలి ఇనుమును బతకనివ్వదు, బోరు నీరు గీజరును బతకనివ్వదు. పుదుచ్చేరి తీరప్రాంతంలో భూగర్భజలాల్లోకి సముద్రపు నీరు చొరబడటం చాలాకాలంగా ఉన్న సమస్య, ఆ సంగతి సబ్బు చేతిలోకి తీసుకోగానే తెలుస్తుంది. నురగ రాదు, తల స్నానం చేస్తే జుట్టు పీచులా తయారవుతుంది. మా స్నానాల గదిలో షవరు రంధ్రాల్లో సగానికి తెల్లగా సున్నం పట్టి నీళ్లు నాలుగు దిక్కులకు చిమ్మాయి, దానితో షవరు కట్టేసి బకెట్టుతోనే కానిచ్చాము. గీజరు పనిచేసింది కానీ, నీళ్లు కాగడానికి అరగంట పైన పట్టింది. గీజరు లోపలి తీగ చుట్టకు కూడా ఇలాగే సున్నం పేరుకుంటే ఆలస్యం తప్పదు. ఇంట్లో గమనించదగిన చిత్రం ఏమిటంటే, తాతలనాటి తలుపులకున్న ఇత్తడి గడియలు అరిగి మెరుస్తూ ఇప్పటికీ వేలితో తోస్తే జారుతున్నాయి, ఇటీవల బిగించిన ఇనుప గడియలు తుప్పెక్కి రెండు చేతులూ పెడితే గాని కదలడం లేదు. స్నానాల గది తలుపుకున్న గడియ ఈ రెండో రకానిది. దానికి కొబ్బరినూనె రాయమని మా అమ్మ చెప్పింది, ఇంటావిడ వెంటనే తెచ్చి రాశారు.

ఇంత చెప్పినా, శుభ్రతకు నేను మంచి మార్కులే వేస్తాను. నేల రోజూ తడిగుడ్డతో తుడిచారు, స్నానాల గదిలో బూజు వాసన లేదు, మూత ఉన్న చెత్తబుట్ట ఉంది. తాగే నీరు మండువాలో ఫిల్టరు నుంచి ఎంత కావాలంటే అంత పట్టుకోవచ్చు. ఉప్పునీటి ఊళ్లో ఇది చిన్న విషయం కాదు, రోజుకు నాలుగు సీసాల నీళ్లు కొనే ఖర్చు తప్పింది.

ఇక మనుషుల సంగతి. ఇంటాయన ఉద్యోగం చేసి విరమించిన మనిషి, లెక్కలూ ఫోనూ ఆయనవి. వంటా గదులూ ఆయన భార్య చూస్తారు. ఆయన తల్లిగారు మండువాలో స్తంభానికి ఆనుకుని వాలుకుర్చీలో కూర్చుని ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎప్పుడు వెళ్లారో కనిపెడుతూ ఉంటారు. వాళ్ల ఇంట్లో మాట్లాడేది తెలుగే, కాకపోతే తరాలుగా తమిళదేశంలో ఉన్న కుటుంబాల తెలుగు, యాస వేరు. మొదటి ఉదయం ఆ పెద్దావిడ మా అమ్మను చూసి “కాఫీ అయింది, రాండి” అని పిలిచిన తర్వాత మా అమ్మకు ఊరు చూడాలన్న తొందర తగ్గిపోయింది. వాళ్లిద్దరూ మండువాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ గడిపిన పూటలు ఎక్కువ. పెద్దవాళ్లతో ప్రయాణం చేసేవారికి, వాళ్లను గదిలో ఒంటరిగా టీవీ ముందు వదలకుండా తాము బయట తిరిగిరాగలగడం ఎంత వెసులుబాటో ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. ఏ నక్షత్రాల హోటల్లోనూ ఇది దొరకదు. అందరు అతిథులకూ ఇలాగే జరుగుతుందని మాత్రం హామీ ఇవ్వలేను, భాష కలిసింది కాబట్టి మాకు జరిగింది. మేడ మీద ఉన్న ఉత్తరాది యువకులకు ఆ పెద్దావిడ నుంచి దొరికింది చిరునవ్వు, చెప్పులు బయట విడవమనే సైగ మాత్రమే.

రాకపోకలు కనిపెట్టే పెద్దావిడ చూపుకు రెండో వైపు కూడా ఉంది. గేటు రాత్రి పదిన్నరకు మూస్తారు. ముందే చెప్తే పదకొండు దాకా ఆగుతారు, ఆ తర్వాత తలుపు కొడితే తీస్తారు గాని, తీసినవారి ముఖం మర్నాటి దాకా గుర్తుంటుంది. గదిలో మద్యం, మాంసాహారం కూడదని నోటీసు ఉంది. మద్యం చవకగా దొరికే ఊరని పేరున్న పుదుచ్చేరికి ఆ పని మీదే వచ్చే మిత్రబృందాలు ఇలాంటి ఇళ్ల జోలికి రాకపోవడమే ఇద్దరికీ మంచిది. గోడలు మందమైనా మండువా తెరిచి ఉంటుంది కాబట్టి శబ్దం దాగదు. తెల్లవారుజామున ఐదున్నరకు మోటారు వేస్తారు, ఆరింటికి పూజగంట, ఆ తర్వాత కుక్కరు ఈలలు, మిషన్ వీధిలోని చర్చి గంటలు. పొద్దెక్కేదాకా పడుకునే అలవాటున్నవారికి ఇది శిక్షే. మాకు మాత్రం దీనివల్ల మేలే జరిగింది. బంగాళాఖాతం మీద సూర్యోదయం చూడాలంటే ఎలాగూ ఆ వేళకే లేవాలి.

ఉదయపు ఫలహారం అద్దెలో కలిసే ఉంటుంది. పట్టిక ఏమీ ఉండదు, ఇంటివాళ్లు ఆ రోజు ఏం చేసుకుంటే అదే. ఒక రోజు ఇడ్లీ, నువ్వులనూనెలో తడిపిన పొడి, పలుచని కొబ్బరి పచ్చడి. మరో రోజు వెన్ పొంగలి, గొత్సు. ఇంకో రోజు ఊతప్పం. మన నాలుకకు కారం చాలదు, ఆ సంగతి ఇంటావిడకు ముందే తెలుసు కాబట్టి ఆవకాయ సీసా బల్ల మీదకు అడగకుండానే వచ్చింది. గొత్సు అంటే వంకాయ కాల్చి మెదిపి చింతపులుసులో ఉడికించినది, పొంగలి మీద వేడిగా పోసుకుంటే ఆ పూటకు ఇంకేం అక్కర్లేదు. కాఫీ ఇత్తడి గ్లాసు, డబరాలో వస్తుంది, మళ్లీ అడిగితే మళ్లీ వస్తుంది. వడ్డన మాత్రం ఏడున్నర నుంచి తొమ్మిది వరకే. తొమ్మిదిన్నరకు దిగివచ్చిన మేడ మీది యువకులకు చల్లారిన ఇడ్లీలు మిగిలాయి, వాళ్లు దానికి ఏమీ అనుకోలేదు.

అద్దె విషయానికొస్తే, ముగ్గురికి కింది గదికి రోజుకు 1,500 రూపాయలు తీసుకున్నారు. ఏసీ వాడితే మరో 400. అదే రోజుల్లో వైట్ టౌన్‌లో మేము వాకబు చేసిన గదులు వేటికీ అద్దె దీనికి రెట్టింపు కంటే తక్కువ లేదు. బుకింగు యాప్‌లో ఇదే గదికి కనబడిన ధర కూడా ఫోనులో చెప్పిన దానికంటే ఎక్కువే. ఇది ఇంటివాళ్ల మాయ కాదు. యాప్ తన కమీషను తీసుకుంటుంది. దానికి తోడు పన్ను లెక్క కూడా ఉంది. రోజుకు 7,500 రూపాయల లోపు గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతం. ఏటా 20 లక్షల రూపాయలకు మించని ఆదాయంతో నడిచే చిన్న యజమాని జీఎస్టీ నమోదు చేసుకోనక్కర్లేదు కాబట్టి నేరుగా గది ఇస్తే అతిథి మీద ఆ పన్ను పడదు. అదే గదిని యాప్ ద్వారా తీసుకుంటే, యజమాని నమోదు కాకపోయినా, ఆ పన్ను కట్టవలసిన బాధ్యత యాప్ సంస్థ మీద ఉంటుంది. అందువల్ల నేరుగా ఫోను చేసి తీసుకుంటే రెండు వైపులా ఆదా. అయితే గది మారినా, రద్దయినా అడ్డుపడి మాట్లాడేవారు మధ్యలో ఎవరూ ఉండరన్నది మాకు ఎదురైన అనుభవమే.

గుర్తింపు కార్డు నకలు అడుగుతారు. ఆధార్ ఇవ్వవలసి వస్తే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనబడే మాస్క్డ్ ఆధార్‌ను, ఆధార్ జారీచేసే యూఐడీఏఐ సంస్థ వెబ్‌సైటు నుంచి తీసుకుని ఇవ్వడం మంచిది. మేము ఇచ్చిన ఆ నకలును ఇంటాయన ఒకసారి తిప్పి చూసి అభ్యంతరం లేకుండా పుస్తకంలో పెట్టుకున్నారు. విదేశాల్లో స్థిరపడి ఆ దేశపు పాస్‌పోర్టు ఉన్న బంధువులు వెంట ఉంటే ముందే చెప్పండి. విదేశీ పౌరులు చేరిన 24 గంటల్లోగా యజమాని వారి వివరాలను అధికారులకు ఆన్‌లైన్‌లో తెలపాలి. చిన్న ఇళ్లలో కొందరు ఆ పని తెలియకనో, బెడద అనుకునో విదేశీయులను తీసుకోరు, చేరిన తర్వాత ఆ మాట వినడం కంటే ముందే వినడం మేలు.

ఇల్లు ఉన్న చోటు గురించి చెప్పవలసింది ఉంది. ఆంగ్లేయులు 1761లో పట్టణాన్ని నేలమట్టం చేశాక, 1765 నుంచి ఫ్రెంచివారు తిరిగి కట్టుకున్న ఊరు ఇది. వీధులన్నీ గళ్ల నోటు పుస్తకంలోని గీతల్లా నిటారుగా ఒకదాన్నొకటి కోసుకుంటాయి. మొదటి పూటలోనే దారి తెలిసిపోతుంది, ఆటో అవసరం లేదు. తూర్పుగా తిన్నగా నడిస్తే కాలువ, అది దాటితే పసుపు గోడల ఫ్రెంచి ఇళ్లు, ఆ తర్వాత సముద్రం, మొత్తం పావుగంట నడక. అందరూ వైట్ టౌన్ గోడల ముందే ఫోటోలు దిగుతారు కానీ, తమిళ వీధుల్లోని అరుగుల ఇళ్లు అంతకు ఏమాత్రం తీసిపోవు. వైశ్యాళ్ వీధిలో, వారసత్వ కట్టడాల పరిరక్షణకు పనిచేసే ఇంటాక్ సంస్థ చొరవతో ఒకే వరుసలో మరమ్మతు చేసిన ఇళ్లను ఉదయపు ఎండలో చూస్తే ఇలాంటి ఇంట్లో ఉండటం కోసం డబ్బు ఇవ్వడంలో అర్థం ఉందనిపిస్తుంది. సాయంత్రం నుంచి మర్నాటి ఉదయం వరకు బీచ్ రోడ్డు మీదకు వాహనాలను రానివ్వరు కాబట్టి పిల్లలతో, పెద్దలతో నిశ్చింతగా నడవవచ్చు. అక్కడ చాలా మేరకు ఉన్నది ఇసుక కాదు, బండరాళ్ల కట్ట. గాంధీ విగ్రహం దగ్గర కొంత ఇసుక తీరం ఉన్నా స్నానానికి అనువైన చోటు కాదు, అలలు లోపలికి లాగేస్తాయి. సముద్రస్నానమే ముఖ్యమనుకునేవారికి ఈ వసతి గృహమే కాదు, ఈ ఊరి నడిబొడ్డే సరిపడదు.

సొంత కారులో వెళ్లేవారికి ఇబ్బంది తప్పదు. వీధి ఇరుకు, ఇంటి ముందు ఒక స్కూటరుకు మించి చోటు లేదు, కారును దూరంగా డబ్బులు కట్టే పార్కింగులో ఉంచాలి. ఆదివారం నాడు చేరేవారు మరో సంగతి గుర్తుంచుకోవాలి. ఆ రోజు గాంధీ వీధి పొడవునా సంత సాగుతుంది, సామానుతో ఆటో దిగి జనంలోంచి నడవవలసి వస్తుంది. కాచిగూడ నుంచి నేరుగా పుదుచ్చేరికి రైలు ఉంది, లేదంటే విళుప్పురం జంక్షనులో దిగి బస్సు పట్టుకోవచ్చు, చెన్నై నుంచి తీరం వెంబడి రోడ్డు దారి దాదాపు 150 కిలోమీటర్లు. ఎటునుంచి వచ్చినా పొద్దున్నే చేరితే, గది ఖాళీ లేకపోయినా సామాను మండువాలో పెట్టుకుని ముఖం కడుక్కోనిస్తారు. కాఫీ కూడా ఇస్తారు, దానికి డబ్బు తీసుకోరు.

అరవిందాశ్రమం వారి అతిథి గృహాలు కూడా చవకే, కొన్ని సముద్రానికి మరింత దగ్గర. నియమాలు అక్కడా ఉన్నాయి, పొగ, మద్యం అక్కడా కూడదు. ఒంటరిగా, మౌనంగా ఉండదలచినవారికి అవే మేలని నా అభిప్రాయం. వండిపెట్టే చెయ్యి, పలకరించే గొంతు కావాలనుకునేవారికి మాత్రం ఇంటి వసతే మంచిది. కొత్తగా పెళ్లయిన జంటకు నేను దీన్ని సిఫారసు చేయను. మండువా మీదుగానే రాకపోకలు, వాలుకుర్చీలో పెద్దావిడ, పదిన్నరకు గేటు. వాళ్లు మరో వెయ్యి ఎక్కువ పెట్టి వేరే చోటు చూసుకోవాలి.

వెళ్లే నెల కూడా చూసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో కింది గది తప్ప మిగతావి భరించలేము. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల కాలం, తలుపులు ఉబ్బి చట్రంలో ఇరుక్కుంటాయి, ఉతికిన బట్ట ఆరదు, మండువాలో వాన నేరుగా కురుస్తుంది. 2024 నవంబరు చివర ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గరే తీరం దాటి వీధులను ముంచెత్తింది. అలాంటి రోజుల్లో బుకింగు రద్దు చేసుకోవలసి వస్తే బయానా తిరిగి వస్తుందా అని అడిగితే ఇంటాయన, తుపాను హెచ్చరిక ఉంటే మొత్తం ఇచ్చేస్తాను, మామూలు వానకైతే ఇవ్వను అన్నారు. ఆ మాట నోటితో కాకుండా ఫోనులో సందేశంగా పెట్టమంటే అప్పటికప్పుడే పెట్టారు. జనవరి, ఫిబ్రవరి నెలలైతే ఆ సందేశంతో పని పడదు, అయితే ఆ నెలల్లో కింది గది దొరకాలంటే నెలన్నర ముందుగానే ఫోను చేయాలి.